పక్కన పెట్టే చోటు

మూడో దోసె పెనం మీద ఉండగా హాల్లో ప్రసాద్ ఫోను మోగింది. అవతలివాళ్ళు గట్టిగానే మాట్లాడుతున్నట్టున్నారు. ప్రసాద్ "సార్, సార్, ఒక్క నిమిషం సార్" అంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆ అడుగుల చప్పుడు వింటూనే మధులతకు తెలిసిపోయింది, ఫోను పెట్టేశాక అతను నేరుగా వంటింట్లోకే వస్తాడని. షాపులో గిరాకీ బాగుందని చెప్పడానికి అతనెప్పుడూ వంటింటి దాకా రాలేదు. ఏదైనా చెడిపోతేనే వస్తాడు.

"ఫోన్లో ఉదయగిరి స్కూలు రాజమోహన్ సార్ మే. పీరియడ్లు ఎగిరిపోతా ఉండాయంట. ఒక క్లాసులో పెడితే ఇంకో క్లాసులో పడతా ఉండాదంట. మొన్న ఎనిమిదో తరగతికి ముప్పావు గంటసేపు టీచరే లేదంట. ఏం రాసినావు నువ్వు?"

"ఎవరు వాడతా ఉండారు దాన్ని?"

"ఎవురో ఏంజెలిన్ అంట, లెక్కల టీచరు. ఆమెకి మౌసు పట్టుకునేది రాదు, అంతే. పెట్టెను పట్టుకొని లాగి వదిలేదానికి ఏముండాది దాంట్లో? మన పాప చేస్తాది."

దోసె అంచు మాడింది. మధులత స్టవ్వు తగ్గించి, మాడిన ముక్కను గరిటెతో తీసి పక్కన పెట్టుకుంది. మాడినవి ఆ ఇంట్లో ఎవరి కంచంలోకి వెళ్తాయో ఎవరూ అడగరు.

పెంచలప్రసాద్‌కి ఆత్మకూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు ఉంది. కంప్యూటర్లు, ప్రింటర్లు అమ్మి, బాగుచేసి ఇస్తాడు. వాటితోపాటు స్కూళ్ళకు టైంటేబుల్ వేసుకునే సాఫ్ట్‌వేరు ఒకటి అమ్ముతాడు. కొన్నవాళ్ళంతా దాన్ని ప్రసాద్ సాఫ్ట్‌వేరు అంటారు. అందులో ఒక్కో పీరియడూ ఒక రంగు పెట్టె. మౌసుతో పట్టుకొని, కావలసిన తరగతి గడి దాకా లాగి వదిలితే అక్కడ కూర్చుంటుంది. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసింది మధులత. నెల్లూరులో ఇంజనీరింగు చదివి, చెన్నైలో మూడేళ్ళు ఇలాంటి పనే చేసింది. పాప కడుపులో పడ్డప్పుడు ఉద్యోగం మానేసింది. మానేసింది అని అందరూ అంటారు, మాన్పించారు అని ఆమె ఒక్కతే అనుకుంటుంది. పాపకు ఏడాది నిండాక ఒకరోజు ప్రసాద్, "ఇంట్లో ఖాళీగానే ఉంటావు గదా, షాపు కోసం ఏదో ఒకటి రాయి" అన్నాడు. అప్పటినుంచి ఏడేళ్ళుగా రాస్తోంది.

ఆమె కంప్యూటరు హాలుకీ వంటింటికీ మధ్యనున్న సందులో ఉంటుంది. పడగ్గదిలో పెట్టుకుంటానంటే అత్త పిచ్చమ్మ ఒప్పుకోలేదు. "ఈడైతే కుక్కరు కూత ఇనపడతాది" అంది. ఇంటికి ఎవరైనా వచ్చి "మీ కోడలు ఏం చేస్తాదీ" అని అడిగితే, పిచ్చమ్మ నవ్వుతూనే చెబుతుంది. "ఏముండాది, పొద్దస్తమానం కంప్యూటర్లో బొమ్మలు జరుపుకుంటా ఉంటాది." ఆ మాటలో విషం లేదు. విషం ఉంటే మధులత ఎప్పుడో తిరిగి ఒక మాట అనేసేది. అత్తకు నిజంగానే అలా కనపడుతుంది. అదే కష్టం.

"నువ్వే పోయి చూసిరా," అన్నాడు ప్రసాద్. "ఆయనకి నాలుగు స్కూళ్ళు. ఉదయగిరిలో నచ్చితే ఆత్మకూరు, దుత్తలూరు, చేజర్ల అన్నిట్లో పెట్టిస్తానన్నాడు. నాకీ పొద్దు కుదరదు. 'షాపు నుంచి వచ్చినా, స్టాఫ్' అని చెప్పు. పెళ్ళాన్ని పంపించినానంటే బాగుండదు."

"పోయేదానివి మధ్యానానికి కూడా వండేసి పో," అంది పిచ్చమ్మ హాల్లోంచి.

వండేసి పోయింది. ఉదయగిరిలో బస్సు దిగేసరికి పదకొండు దాటింది.

స్టాఫ్ రూములో ఒక మూలన కంప్యూటరు, పక్కనే కిటికీ, కిటికీ నిండా కొండ. ఏంజెలిన్ టీచరుకి నలభై అయిదేళ్ళుంటాయి. నీలం అంచు నూలు చీర, కుడిచేతి బొటనవేలి మొదట్లో గట్టిగా చుట్టిన గుడ్డపట్టీ. షాపు మనిషి వచ్చిందనగానే ఆమె ముఖం బిగుసుకుంది. తప్పు తనదేనని ఇంకోసారి చెప్పించుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా నిలబడింది.

"మీరు రోజూ ఎట్ట చేస్తారో అట్టే చెయ్యండి మేడమ్. నేను చూస్తా," అంది మధులత, పక్కన స్టూలు వేసుకుంటూ.

ఏంజెలిన్ కూర్చుంది. ఆరో తరగతిలో ఉన్న ఒక లెక్కల పీరియడ్‌ను పదో తరగతికి మార్చాలి. పెట్టెను పట్టుకొని కిందికి లాగింది. పదో తరగతి గళ్ళు తెర కింద ఎక్కడో ఉన్నాయి. పెట్టె తెర అంచు దాకా వచ్చి ఆగిపోయింది. తెర జరగలేదు. ఆమె వేలు ఎత్తకుండా, ఎడమచేత్తో కీబోర్డు మీద బాణం గుర్తు కోసం తడుముకుంది. మణికట్టు వణికింది. పట్టీ కట్టిన బొటనవేలు సడలింది. పెట్టె జారి ఎనిమిదో తరగతిలో పడింది. అక్కడున్న తెలుగు పీరియడ్ మాయమైంది. ఒక చప్పుడు లేదు, ఒక ప్రశ్న లేదు. వెనక్కి తెచ్చుకునే దారీ లేదు. ఎనిమిదో తరగతి గడి ముందునుంచీ అలాగే ఉన్నట్టు చల్లగా కూర్చుంది.

"చూసినారా?" అంది ఏంజెలిన్, అరిచినంత పని చేస్తూ. "నేను వదల్లేదు. అదే పడిపోయింది. నా మాట ఎవురూ నమ్మరు."

కంప్యూటరుకు మధులత రాసిపెట్టిన ఆజ్ఞే అది. వేలు ఎక్కడ లేస్తే దానికి దగ్గర్లో ఉన్న గడిలో పెట్టెను వేసెయ్, అక్కడ ముందే ఏదైనా ఉంటే తీసెయ్. ఆ ముక్క రాసినరోజు ఆమెకు బాగా గుర్తుంది. పాపకు జ్వరం. ఒళ్ళో పాప, భుజం మీద తడిగుడ్డ. ప్రసాద్ షాపు నుంచి నాలుగుసార్లు ఫోను చేసి, సాయంత్రానికి ఇస్తానని చెప్పేశానన్నాడు. తరవాత తీరిగ్గా సరిచేద్దామనుకొని రాసేసింది. ఆ తీరిక రాలేదు, ఆమె అడగనూ లేదు.

"మొన్న తెలుగు సారు దీంట్లో ప్రింటు తీసిన టైంటేబుల్ కాగితం చూసుకొని, ఆ పీరియడ్ తనకి లేదనుకొని టీ తాగేదానికి పోయినాడు," అంది ఏంజెలిన్. "ఎనిమిదో తరగతిలో పిల్లోళ్ళు కొట్టుకున్నారు. ఒకడికి పెదివి పగిలింది. రాజమోహన్ సార్ నన్ను ఆ క్లాసులోకే పిలిచి అడిగినాడు. 'లెక్కలు చెప్పేదానివి, గళ్ళు లెక్కపెట్టుకునేది రాదా' అని. పిల్లోళ్ళు నవ్వినారు. మర్సనాడు పొద్దున మొదటి పీరియడ్ నాది ఆ పిల్లోళ్ళకే. ఇంకొకసారి జరిగితే ఇంటికి పొమ్మన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా చేస్తా ఉండాను ఈడ." బొటనవేలి పట్టీ బిగించుకుంటూ అంది, "ఈ టైంటేబుల్ పని నాకెందుకిచ్చినారో తెలుసునా మీకు? ఆడోళ్ళకి ఓపిక ఎక్కువంట. నాలుగున్నరకి అందరూ పోతారు. నేను కూర్చోని జరుపుతా ఉంటా."

"దీన్ని ఎవరు రాసినారండీ?" అని అడిగింది తరవాత.

మధులత నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. "షాపు వాళ్ళు," అంది.

ఆ అబద్ధం గొంతు దాటాక కూడా ఆమెను వదల్లేదు. పేరు రానప్పుడల్లా కడుపు మండిన మనిషి, తప్పు వచ్చేసరికి అదే షాపు పేరు వెనక దాక్కుంది. ఏంజెలిన్ మాత్రం మంచినీళ్ళిచ్చింది, సొరుగు లాగి ఒక అట్టపెట్టె తీసింది. అందులో పాత నోటుపుస్తకాల అట్టలు కత్తిరించి చేసిన చిట్టీలు. ఒక్కోదాని మీద ఒక టీచరు పేరు, ఒక సబ్జెక్టు. వాటిని బల్ల మీద పరిచింది. "ముందు వీటితో వేసుకుంటా. ఆ తరవాత వీటిని చూసి కంప్యూటర్లో ఎక్కిస్తా. రెండుసార్ల పని. ఏం చేసేది, ఇవైతే నా మాట ఇంటాయి."

మధులత ఆమె చేతుల్ని చూస్తూ కూర్చుంది. ఏంజెలిన్ ఒక చిట్టీ ఎత్తింది, ఎక్కడ పెట్టాలో తేలక దాన్ని స్కేలు కింద పక్కన పెట్టింది. ఇంకొకటి ఎత్తింది. ఈలోగా రికార్డు మీద సంతకం కోసం ఒక పిల్ల వచ్చింది. సంతకం పెట్టి, పిల్ల జడ సరిచేసి పంపించి, మళ్ళీ తిరిగి చూసింది. చిట్టీలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. చేతికి నొప్పి వచ్చినా, మనసు మారినా, ఎవరో పిలిచినా పని చెడిపోలేదు. తను రాసినదాంట్లో అలా కాదు. పట్టుకున్నాక ఆగకూడదు, ఆలోచించకూడదు, చెయ్యి వణకకూడదు. ఇంట్లో తనను ఎలాగైతే నడిపిస్తున్నారో తను ఇంకో ఆడమనిషిని అలాగే నడిపిస్తోందని మధులతకు అనిపించింది. అది ఆమెకు మింగుడుపడలేదు.

లేచేముందు ఏంజెలిన్ కొంచెం మొహమాటపడుతూ అడిగింది. "ఇంకొకటి చెయ్యగలరేమో చూడండి. నాకు రోజుకి ఒక్క పీరియడ్ ఖాళీ. ఎవురు రాకపోయినా వాళ్ళ క్లాసు దాంట్లో వేసేస్తారు. మగ సార్లకి బ్యాంకు పని, బయట పని ఉంటాదంట. నాకు మాత్రం నేనే నా చేత్తో వేసుకోవాల. వేసే ముందర ఒక్క మాట నన్ను అడిగితే ఎంత బాగుంటాదో."

ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మధులత చూసిందంతా ప్రసాద్‌కి చెప్పింది, చిట్టీలతో సహా. అతను ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టాడు.

తరవాతి మూడు వారాలూ ఆమె తలలో ఆ పెట్టెలే తిరిగాయి. బట్టలు మడతపెడుతుంటే ఒకటి తట్టేది, చింతపండు పిసుకుతుంటే ఒకటి. చెయ్యి కడుక్కొని సందులోకి పరిగెత్తి రాసుకునేది, మళ్ళీ వచ్చి పులుసు కలుపుకునేది. బొత్తాం నొక్కిపెట్టి ఉంచాల్సిన పని లేకుండా చేసింది. ఒకసారి నొక్కితే పెట్టె చేతికి వస్తుంది, ఇంకోసారి నొక్కితే కూర్చుంటుంది, మధ్యలో వేలికి విశ్రాంతి. తెర అంచుకు వెళ్తే తెరే మెల్లగా జరుగుతుంది. వదలకముందే ఎక్కడ పడబోతోందో ఆ గడి చుట్టూ నీలం గీత వెలుగుతుంది. అక్కడ ఇంకొకటి ఉంటే దాన్ని మింగెయ్యదు, రెండూ తారుమారు చెయ్యమంటారా అని అడుగుతుంది. మనసు మారితే ఒక్క మీట నొక్కితే చాలు, పెట్టె తన పాత చోటికి తనే పోతుంది. ఎన్ని అడుగులైనా వెనక్కి వెళ్ళొచ్చు. అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది కుడిపక్కన గీసిన ఒక ఖాళీ పట్టీకి. ఎక్కడ పెట్టాలో తేలనివాటిని అందులో ఉంచుకోవచ్చు. కంప్యూటరు ఆపేసి మర్నాడు వచ్చి చూసినా అవి అక్కడే ఉంటాయి. దానికి "పక్కన పెట్టే చోటు" అని పేరు పెట్టింది. చివర్లో ఏంజెలిన్ అడిగింది కూడా చేర్చింది.

"ఇంకా అయిపోలేదా? రంగులు మార్చేదానికి ఇన్ని రోజులా?" అనేవాడు ప్రసాద్. ఆమె చెప్పబోయేది. అతను అప్పటికే స్నానానికి వెళ్ళిపోయేవాడు.

పూర్తయ్యాక ఒకరోజు మధ్యాహ్నం ఆమె అత్తను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. పిచ్చమ్మ పుట్టి బుద్ధెరిగి మౌసు ముట్టుకోలేదు. చెయ్యి కొంచెం వణుకుతుంది కూడా. "అత్తా, ఆ పచ్చ పెట్టెను తీసి ఆ కింద గడిలో పెట్టు," అంది. పిచ్చమ్మ పెట్టె మీద నొక్కింది, చేతిని చీరకు తుడుచుకుంది, నీలం గీత చూసి ఇంకోసారి నొక్కింది. కూర్చుంది. ఇంకొకటి జరిపింది. తప్పు పడితే వెనక్కి తీసింది. ఎవరూ చెప్పకుండానే. మధులత పక్కనే నిలబడి చూస్తోంది. చెన్నైలో ఉన్నప్పుడు కూడా తన పని అంత బాగా కుదరలేదు.

పిచ్చమ్మ కళ్ళజోడు తీసి కోడలి వంక చూసింది. "ఇంత సులువైన దానికా అమ్మాయ్ నువ్వు ఇన్నాళ్ళు కూర్చున్నావు?"

మధులతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. సులువుగా ఉందంటే పని బాగా జరిగిందని. పని బాగా జరిగిందంటే ఇక అది ఎవరికీ కనపడదని. ఇల్లు తుడిచినా అంతే, ఉతికినా అంతే. చెయ్యకపోతేనే కనపడుతుంది.

కొత్తదాన్ని ఏంజెలిన్‌కి మెయిల్లో పంపి, ఫోన్లో చెప్పి పెట్టించింది. పది రోజులు ఏ గొడవా రాలేదు. రాజమోహన్ సార్ తనే స్వయంగా చూస్తానని షాపుకు వచ్చాడు.

"నువ్వు కూడా రా," అన్నాడు ప్రసాద్. "ఏమన్నా ఆగిపోతే చూడాల గదా." ఆమె వెళ్ళి, ప్రింటర్ల అట్టపెట్టెల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంది. రాజమోహన్ తెల్లచొక్కా వేసుకున్న పెద్దమనిషి, రాజకీయాల్లోనూ తిరుగుతాడు, గొంతు ఎప్పుడూ మైకు ముందు ఉన్నట్టే ఉంటుంది. ప్రసాద్ ఉదయగిరి టైంటేబుల్‌నే తెరిచి అతనికి చూపిస్తున్నాడు.

"నేనే ఉదయగిరి పోయినా సార్. ఆ టీచరమ్మ పక్కన అర్ధపూట కూర్చోని చూసినా. ఆమె పాపం అట్ట చిట్టీలు పెట్టుకొని ఉండాది. చెయ్యి నొప్పి. అప్పుడు తట్టింది సార్ నాకు, ఈ పక్కన పెట్టే చోటు."

మధులత అట్టపెట్టె మీద ముద్రేసిన అక్షరాలు చదువుకుంటూ కూర్చుంది. ఆమె రాసింది తనదని చెప్పుకోవడం ప్రసాద్‌కి అలవాటే. ఉదయగిరి ప్రయాణం, ఏంజెలిన్ బొటనవేలు, తను కూర్చున్న స్టూలు కూడా అతనివైపోతాయని ఆమె అనుకోలేదు.

రాజమోహన్ మౌసు అందుకున్నాడు. రెండు పీరియడ్లు జరిపాడు, ముఖం విప్పారింది. "బాగుండాదయ్యా. చేత్తో తీసి పెట్టినట్టే ఉండాది," అన్నాడు. మూడోది, సెలవులో ఉన్న సోషల్ సారు పీరియడ్, తీసుకెళ్ళి ఏంజెలిన్ ఖాళీ గడిలో పెట్టబోయాడు. పెట్టె గడి అంచున ఆగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "ఈ రోజు ఏంజెలిన్ గారికి ఉన్న ఒకే ఒక్క ఖాళీ పీరియడ్ ఇది. వారిని అడిగారా?" కింద రెండు బొత్తాలు. "అడిగాను, ఒప్పుకున్నారు." "అడగలేదు, వెనక్కి."

రాజమోహన్ వాటిని రెండుసార్లు చదివాడు. "ఏందయ్యా ఇది? నా స్కూల్లో నేను ఎవుర్ని అడగాల?"

ప్రసాద్ గబగబా తెర ముందుకు వంగాడు. "అది... అది నేను పెట్టలేదు సార్. మా ఆవిడ రాసింది. ఇదంతా ఆమె రాసిందే సార్, ఇంట్లో కూర్చోని. నేను సరిగ్గా చూసుకోలేదు."

ఏడేళ్ళు. ఏడేళ్ళలో మొదటిసారి ఒక మూడో మనిషి ముందు అతని నోట ఆ మాట వచ్చింది. ఎన్నోసార్లు ఆమె ఆ మాటను ఊహించుకుంది. ఏ పెళ్ళిలోనో, ఏ స్నేహితుల ముందో, కొంచెం గర్వంగా, ఇదంతా ఆమె రాసిందే అని అంటాడని. అదే మాట, అవే అక్షరాలు. ఇప్పుడొచ్చాయి.

"నువ్వామ్మా?" అన్నాడు రాజమోహన్ వెనక్కి తిరిగి, ఆమె అక్కడుందని అప్పుడే చూసినట్టు.

మధులత లేచి నిలబడింది. "అవును సార్. నేనే."

"ఇదెందుకు పెట్టినావు?"

"ఆ గడి తెర మీద ఖాళీగా కనపడతాది సార్. అది ఖాళీ కాదు. ఆమె పొద్దున్నించి నిలబడి చెప్పి, కాసేపు కూర్చునే టైము అది."

రాజమోహన్ నవ్వాడు. కోపం కూడా కాదు, చిన్నపిల్ల మాట విన్నట్టు నవ్వాడు. "బాగానే చెప్తా ఉండావు. ఇట్ట ఒక్కొక్కరిని అడగతా కూర్చుంటే బడి నడిచినట్టే." ప్రసాద్ వైపు తిరిగాడు. "అది తీసెయ్ అబ్బయ్యా. తీసేస్తే నాలుగు స్కూళ్ళకీ నీదే."

"రేపటికల్లా సార్," అన్నాడు ప్రసాద్.

ఇంటికొచ్చాక ఆమె, "నేను తియ్యను," అంది.

"నీకు పేరు కావాల, అంతే గదా? చెప్పినా గదా ఆయనకి నువ్వే రాసినావని!"

"తప్పు ఎవరిదీ అని అడిగినప్పుడు చెప్పినారు."

ప్రసాద్ అరవలేదు. కొట్టే మనిషి కాదు, తాగే మనిషీ కాదు. ఊళ్ళో అందరూ ఆమెను అదృష్టవంతురాలంటారు. అతను ఫోను తీసుకొని బయటికి వెళ్ళి, నెల్లూరులో ఉన్న నవీన్ అనే ప్రోగ్రామరుతో మాట్లాడాడు. మర్నాడు పదిగంటలకు నవీన్ వచ్చి సందులో ఆమె కుర్చీలో కూర్చున్నాడు. మధులత అలవాటు కొద్దీ కాఫీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు అతని పక్కన పెట్టాక తన చెయ్యి చూసుకుంటే ఆమెకు ఒళ్ళు మండింది.

నవీన్ కాసేపు వెతికి, ఆ ప్రశ్న ఎక్కడుందో పట్టుకున్నాడు. ముందూ వెనకా చాలా మేర ఎంచుకున్నాడు, మొత్తం తీసెయ్యడానికి. మధులత వంటింటి గడప మీద నిలబడి చూస్తోంది. ఆ ముక్క మొత్తం పోతే ప్రశ్న ఒక్కటే పోదు. ఒక పెట్టె మీద ఇంకో పెట్టె పడకుండా కాసేది కూడా అందులోనే ఉంది. అది పోతే మళ్ళీ పీరియడ్లు మాయమవుతాయి. ఊరుకుంటే చాలు. వారం తిరక్కుండా ప్రసాద్ ఫోను మోగుతుంది, అతను మళ్ళీ వంటింట్లోకి వస్తాడు. ఆమె ఊరుకుందామనే అనుకుంది. కానీ తిట్లు తినేది ప్రసాద్ కాదు. దుత్తలూరులోనో చేజర్లలోనో, ఓపిక ఎక్కువని ఈ పని అంటగట్టిన ఇంకో టీచరు. ఆమెను కూడా ఏ తరగతిలోనో పిల్లల ముందు నిలబెడతారు.

"మొత్తం కాదు," అంది. దగ్గరికొచ్చి తెర మీద వేలు పెట్టింది. "ఈ మూడు లైన్లు. వాటి కింద ఉండేదాన్ని మాత్రం ముట్టుకోబాకండి."

నవీన్ చదివి చూసి తల ఊపాడు. మూడు లైన్లూ పోయాయి. తను రాసిన అన్నిటిలోకీ తనకు ఇష్టమైన మూడు లైన్లు, తనే వేలు పెట్టి చూపించింది.

"కోడు చాలా నీటుగా ఉండాదక్కా. ఎవురు రాసినారు?" అన్నాడతను.

"మా షాపుదే లేవయ్యా," అన్నాడు ప్రసాద్ హాల్లోంచి. "నువ్వు కానీ."

నవీన్ వెళ్ళిపోయాక మధులత కాఫీ గ్లాసు కడగలేదు. అది బల్ల మీదే ఉంది. ప్రసాద్ అన్నానికి కూర్చున్నప్పుడు చెప్పింది. "మీ సాఫ్ట్‌వేరులో ఇంక నేనొక్క అక్షరం రాయను. నాది నేను కొత్తగా మొదలుపెడతా ఉండాను. నా పేరుతో."

అతను ముద్ద చేతిలో పట్టుకొని నవ్వాడు. "నీ దగ్గిర ఎవురు కొంటారు మే?"

"సంసారంలో నీది నాది అని ఏందమ్మా," అంది పిచ్చమ్మ. "అంతా ఒకటే గదా."

"నేనూ అదే అనుకున్నా అత్తా, ఇన్నేళ్ళూ."

గురువారం ఆమె ఉదయగిరి బస్సెక్కింది. సాయంత్రం వచ్చేసరికి ఆలస్యమవుతుంది, రాత్రికి మీరే వండుకోండి అని మాత్రం చెప్పింది. బస్సులో కూర్చున్నంతసేపూ చెప్పాల్సిన మాటలు పేర్చుకుంది, చెరిపేసింది. ధైర్యంగా ఏమీ లేదు. 

బడి వదిలాక స్టాఫ్ రూములో ఏంజెలిన్ ఒక్కతే ఉంది. మధులతను చూసి ముఖం విప్పారింది. "రండి రండి. మీ షాపు వాళ్ళకి థాంక్స్ చెప్పండి. చెయ్యి నొప్పి సగం తగ్గింది. చిట్టీలు ఇంటికి తీసుకుపోయినా. ఒక్కటే, ఆ అడిగేది పోయింది. పది రోజులు ఉండింది. పది రోజులూ 'అడగలేదు, వెనక్కి' అని నొక్కినా. వేరే ఎవురికన్నా వేసినా. నిన్న ఎవురో వచ్చి కొత్తది పెట్టినారు, మళ్ళీ మామూలే."

"షాపు వాళ్ళు కాదు మేడమ్," అంది మధులత. నిలబడే ఉంది. "దాన్ని రాసింది నేను. మొదటినుంచీ అంతా నేనే. ప్రసాద్ మా ఆయన. ఆ పొద్దు మీ చేతిలోంచి పెట్టె జారి ఎనిమిదో తరగతిలో పడింది గదా, అది నేను సరిగ్గా రాయనందువల్ల. మీరు పిల్లోళ్ళ ముందర తిన్న తిట్లు నావి. మీరడిగినప్పుడు చెప్పలేకపోయినా. మొన్న ఆ ప్రశ్న తీసేసేటప్పుడు కూడా, ఏది తీయాల్నో చూపించింది నేనే. మొత్తం తీసేస్తే పీరియడ్లు మళ్ళీ మాయమయ్యేవి, అందుకని. ఇప్పుడు నేను కొత్తది రాస్తా ఉండాను. దాంట్లో ఆ ప్రశ్న ఉంటాది. మీ స్కూల్లో పెడతారో లేదో తెలీదు. అసలు ఎవురన్నా పెడతారో లేదో తెలీదు."

ఏంజెలిన్ బల్ల మీద రికార్డులు ఒకదాని మీద ఒకటి సర్దింది. కిటికీ అవతల కొండ మీద ఎండ వాలిపోతోంది. 

"ఆ పొద్దు ఇంటికి పోయి మా ఆయనకి కూడా చెప్పలేదు నేను," అంది ఏంజెలిన్ చివరికి. "సిగ్గేసి. నా చెయ్యే మంచిది కాదేమో అనుకున్నా. నెల రోజులు అనుకున్నా అట్ట. మీరు ఆ పొద్దే ఒక్క మాట చెప్పుంటే ఎంత బాగుండు."

"చెప్పాల్సింది."

ఏంజెలిన్ ఆమెను కాసేపు చూసింది. క్షమించినట్టు లేదు. కోపంగానూ లేదు. కంప్యూటరు స్విచ్చి వేసి, పక్కనున్న స్టూలును కాలితో దగ్గరికి లాగింది.

"రాసింది మీరేనంటా ఉండారు గదా," అంది. "దీంట్లో ఇంకా రెండు తప్పులుండాయి. కూర్చోండి, చూపిస్తా."